గోడకు జాజు, గుడ్డకు గవ్వ

మన ప్రాంతం మీద రాసిన చరిత్ర పుస్తకం ఏది తెరిచినా ఇండ్లంటే రాజుల ఇండ్లే. గద్వాలలో సోమనాద్రి కోట, వనపర్తిలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తున్న రాజమహల్, కొల్లాపూర్‌లో సురభి రాజుల బంగ్లా. వాటి తలుపుల చెక్కడం గురించి, గచ్చు పని గురించి, సున్నపు నునుపు గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. పండితులకు ఆశ్రయమిచ్చిందని గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే పేరు కూడా ఉంది. అంతమంది పండితులు తిరిగిన సంస్థానాల్లో, కోటకు ఆమడ దూరంలో బతికిన గిరిజనుల ఇల్లు ఎట్లా ఉండేదో చెప్పే ఒక్క వాక్యం కోసం వెతికి అలిసిపోయాను.

అందుకే ఆ ఇంటి గురించే రాస్తున్నాను. చేతిలో పైసా లేని ఇంట్లో మన ఆడవాళ్లు సోకు ఎట్లా చేశారు, ఏ వస్తువు ఎక్కడి నుంచి తెచ్చారు, అది ఎప్పుడు ఎందుకు మారింది అన్నది నా విషయం. గద్వాల జిల్లాలో మన జనం తక్కువ, వనపర్తిలో అంతకంటే ఎక్కువ, నాగర్‌కర్నూల్‌లో ఇంకా ఎక్కువ. 2016 అక్టోబర్ 11 దాకా ఇదంతా ఒకటే మహబూబ్‌నగర్ జిల్లా. మనకైతే ఇప్పటికీ పాలమూరే.

లంబాడీల ఇంటి సోకు గోడ మీద పుట్టలేదు. మనకు గోడలే లేని కాలం ఒకటి ఉంది. మన తాతల తాతలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దేశమంతా తిరిగారు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడికి ఉత్తరదేశపు దారిలో ఒక తండా ఎదురైంది. అందులో 14,000 ఎద్దులున్నాయని, అన్నింటి మీదా ధాన్యం ఉందని, పెండ్లాం పిల్లలతో సహా కుటుంబాలకు కుటుంబాలే బిడారులో నడుస్తున్నాయని అతను రాసి పెట్టుకున్నాడు. ‘తండా’ అంటే అప్పుడు ఊరు కాదు, నడిచే బిడారు. చరిత్రలో మన ఇంటి మొదటి చిరునామా అదే, ఒక దారి.

నడిచే ఇంటికి గోడ ఏముంటుంది? రాత్రి మజిలీలో దించిన గోనె సంచులను వరుసగా పేర్చితే అదే గోడ. దాని మీద గుడ్డ కప్పితే అదే కప్పు. కాబట్టి సోకంతా కదిలే వస్తువుల మీదికి పోయింది. ముందు నడిచే ఎద్దు నుదుటికి గవ్వలు కుట్టిన పట్టీ, కొమ్ములకు కుచ్చులు, మెడలో గంటలు. నీళ్ల బిందె కింద తల మీద పెట్టుకునే చుట్టబట్ట, అంటే మన గణో, దాని వెనక వీపు మీదికి వేలాడే గవ్వల గుడ్డ. బిందె మీద కప్పే ఫూల్యా. డబ్బులు, వక్కలు పెట్టుకునే సంచులు. ఒంటి మీద ఫేటియా, కాంచళి, టూక్రి. ఇప్పుడు వీటిని చూసి పండగ బట్టలు అంటున్నారు గాని, ఆనాటి ఆడమనిషికి అదే ఇంటి ముందరి అర్ర, అదే పూజగూడు, అదే పెట్టె. ఇల్లంతా ఒంటి మీద వేసుకొని నడిచింది.

ఇందులో వాడిన సరుకు చూస్తే తక్కువ ఖర్చు అంటే ఏమిటో అర్థమవుతుంది. గవ్వ ఒకప్పుడు చిల్లర డబ్బు. సంతలో చెల్లినన్నాళ్లు అది కొంగున ఉంది, చెల్లడం మానేశాక కుట్టులోకి వచ్చింది. నాణేల సంగతీ అంతే. నిజాం హాలీ సిక్కా వెండి రూపాయిలు 1950లలో చలామణి నుంచి పోయాయి. 1957 ఏప్రిల్‌లో నయా పైసలు వచ్చి అణాలు, కానులు పక్కకు జరిగాయి. యుద్ధకాలంలో రాగి పొదుపు కోసం 1943లో బ్రిటిష్ సర్కారు నడుమ బొక్క ఉన్న పైసా అచ్చువేసింది. కుట్టుకోవడానికి అంతకంటే అనువైన నాణెం ఇంకోటి ఉండదు. తొలిచే పని కూడా సర్కారే చేసి పెట్టింది! షావుకారు దగ్గర చెల్లని పైసా మా దాదీ రవికె మీద చెల్లింది. ఆ కాంచళిని తిరగేసి చూస్తే ఒక్క గుడ్డ మీదే మూడు ప్రభుత్వాల నాణేలు కనిపిస్తాయి. ఏ మ్యూజియంలో అయినా వాటిని మూడు వేరు వేరు అద్దాల పెట్టెల్లో పెడతారు.

ఆ బిడారు బతుకు ఎట్లా ఆగిందో మనకు తెలుసు. 1874లో వాడి నుంచి హైదరాబాదుకు రైలు వచ్చింది. తర్వాత పాలమూరు మీదుగా గద్వాల దాకా పట్టాలు పడ్డాయి. వనపర్తి రోడ్ స్టేషన్ ఆ దారి మీదిదే. వెయ్యి ఎద్దులు మోసే బరువును రైలు ఒక్క పూటలో లాక్కుపోతుంటే ఎద్దు మీద ఉప్పు కొనేదెవరు? 1871లో తెచ్చిన నేరస్త తెగల చట్టం తిరిగే జనం మీదల్లా అనుమానపు ముద్ర వేసింది. అది రద్దు కావడానికి 1952 దాకా పట్టింది. ఎద్దుల్ని అమ్ముకున్నవాళ్లు అమ్ముకున్నారు, ఆవుల్ని మేపుకుంటూ గుట్టల పక్కన ఆగినవాళ్లు ఆగిపోయారు. అచ్చంపేట, బల్మూరు, ఘనపురం, గోపాలపేట వైపు తండాలు ఎక్కువగా గుట్టల అంచుల్లో, ఎర్రచెలక నేలల్లో ఎందుకున్నాయంటే మంచి నేల అప్పటికే వేరేవాళ్ల పట్టాలో ఉంది.

ఆగిన తర్వాత మనకు గోడ దొరికింది.

గోడ పెట్టడం తెలిసినవాళ్లు తండాల్లో ఇప్పుడు తక్కువైపోయారు, అందుకే వివరంగా రాస్తాను. ఎర్రమట్టిని రాళ్లు ఏరి, నీళ్లు పోసి, ఒకటి రెండు రోజులు నాననివ్వాలి. దాంట్లో వరిగడ్డి తరుగో, ఊకో కలిపి కాళ్లతో తొక్కాలి. తొక్కుడు సరిపోయిందా లేదా అన్నది మడమకే తెలుస్తుంది, కంటికి తెలియదు. ముద్ద మీద ముద్ద పెట్టి మూరెడు ఎత్తు గోడ లేపి, అది ఎండే దాకా ఆగి, ఆపైన ఇంకో మూరెడు. తొందరపడితే గోడ కడుపు ఉబ్బి కూలుతుంది. గద్వాల, అలంపురం దిక్కు నల్లరేగడి. అది ఎండితే నెర్రెలు విచ్చుతుంది, కాబట్టి అక్కడ గోడకు రాయి కావాలి, మిద్దె మీద చవుడు పరచాలి. మన ఎర్రచెలకకు ఆ బాధ లేదు. పేదోడి నేలకు దేవుడిచ్చిన ఒక్క సౌకర్యం అదే అనుకోవాలి.

గోడ పెట్టడం మగవాళ్లది. అక్కడి నుంచి అంతా ఆడవాళ్లది. పేడ, జల్లించిన మట్టి కలిపి అలికేటప్పుడు చెయ్యి భుజం నుంచి తిరుగుతుంది. ఒక్కో తిప్పుడు ఒక్కో అర్ధచంద్రం. కింది వరుస చంద్రాలు కుడికి, పై వరుసవి ఎడమకు. ఎండాక సాయంత్రపు ఎండ పక్క నుంచి పడితే గోడంతా చేపపొలుసులా కనిపిస్తుంది. రంగు లేదు, ఖర్చు లేదు, ఐదు వేళ్ల గీత తప్ప మరేమీ లేదు. అలుకుడును బట్టి అది ఎవరి చెయ్యో తండా ఆడవాళ్లు గుర్తుపట్టేవాళ్లు.

ఆపైన సున్నం. సున్నంలో చిటికెడు నీలిమందు వేస్తే తెల్లదనం మిలమిలలాడుతుంది. నీలిమందు పొట్లం దొరకని ఏడు ఉత్త సున్నమే. ఈతమట్ట కొసను రాయితో దంచి పీచు తేలిస్తే కుంచె. కింద నేల నుంచి మూరెడు ఎత్తున జాజు పట్టీ. ఈ పట్టీని అందానికే వేస్తారనుకుంటారు చాలామంది. వానకు చూరు నుంచి పడ్డ నీళ్లు నేల మీది ఎర్రమట్టిని గోడ మీదికి చిమ్ముతాయి. తెల్ల గోడ అయితే ఒక్క వానకే మాసిపోతుంది. కింద ఎరుపు ఉంటే ఆ చిందు దాంట్లోనే కలిసిపోతుంది. సున్నానికి చీమలు, పురుగులు దూరం పోతాయి, పేడ మట్టిని పట్టి ఉంచుతుంది. పనికొచ్చే దాన్నే చూడముచ్చటగా చేయడం తప్ప, ఉత్త అందం కోసం దండగ చేసే స్తోమత ఎవరికుంది?

అయినా ఉత్త అందం కూడా ఉంది, దాన్ని దాచి చెప్పడం అన్యాయం. దర్వాజ చుట్టూ సున్నంలో ముంచిన వేలితో చుక్కల వరుస. గూటి చుట్టూ మట్టితోనే పెట్టిన సన్నని గట్టు, ఆ గట్టులో పగిలిన అద్దం ముక్క. గూట్లో దీపం పెడితే ఆ ముక్కలో ఇంకో దీపం. ఫేటియా మీద కుట్టిన అద్దాలకూ, గోడలో గుచ్చిన అద్దాలకూ నమూనా ఒకటే. అదే చతురస్రం, అదే చుక్క, అదే మెట్లు మెట్ల అంచు. గుడ్డ మీద బతికిన సోకు గోడ మీదికి దిగిందని నేను అనడానికి ఆధారం అదే. రాసిన కాగితం ఏదీ దీనికి లేదు. గోర్‌బోలికి సొంత లిపి లేదు కాబట్టి మన కాగితం గుడ్డే.

పండగే ఈ పనికి గడువు. దీపావళికి ముందు తండా మొత్తం అలుకుతుంది. అమాస రాత్రి ఆడపిల్లలు దీపాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి మేరా చెప్పడానికి వస్తారు. ఆ వెలుతురు గోడ మీద పడుతుంది కాబట్టి ఆ రాత్రికి అలకని ఇల్లు ఉండకూడదని పట్టుదల. శ్రావణంలో తీజ్ బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే తొమ్మిది రోజులూ అంతే, వాకిట్లో సాన్పి, గడపకు రంగు.

ఇప్పుడు లోపలికి పోదాం. ఎదురుగోడకు బల్ల వేసి ఇత్తడి బిందెలు, చెంబులు, తపేలాలు పెద్దవి కింద, చిన్నవి పైన వరుసగా పేర్చేవాళ్లు. చింతపండు, బూడిదతో తోమి తోమి, దీపం వెలుతురుకు ఆ గోడ బంగారంలా ఉండేది. పెండ్లినాడు వచ్చిన సామాను అది. ఇంట్లో అన్నిటికంటే విలువైన అలంకారం అదే, ఇంటి బ్యాంకూ అదే. వాన ఎగ్గొట్టిన ఏడు ఒక్కో బిందె షావుకారు ఇంటికి పోయేది. ముందు పెద్దది పోతుంది. వరుసలో ఖాళీ కనబడకుండా మిగిలినవి జరిపి పెడతారు. మరుసటి ఏడు ఇంకోటి. పాలమూరు కరువుల గురించి గెజిటీర్లు చాలా రాశాయి, కాని ఏ ఇంట్లో ఏ ఏడు బల్ల మీద ఎన్ని బిందెలు మిగిలాయో లెక్క దొరికితే ఆ కరువుల చరిత్ర వేరేగా రాయొచ్చు.

చిరిగిన బట్టలకు రెండో బతుకు బొంత. పాత చీరలు, ధోతులు నాలుగైదు పొరలు వేసి, అంచుల నుంచి లాగిన దారంతోనే కుడతారు. మడిచి పెట్టెల మీద వేస్తే అదే ఇంటికి రంగు. గద్వాలలో మగ్గం మీద నూలు చీరకు పట్టు అంచు వేరే నేసి కలుపుతారు. ఆ కలుపుడు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా బొంతలో కూడా వేరు వేరు గుడ్డల కలుపుడే ఉంది, చూడ్డానికి ఎవరూ రారు. గద్వాల చీర మా తండాకు కొత్తగా ఎప్పుడూ రాలేదు. ఎవరో దొరసాని కట్టి విడిచిన చీర అంచు ముక్క ఒకటి బొంత నడిమిట్లోకి వచ్చింది. దాని చుట్టూ మిగతా ముక్కలన్నీ కూలివాళ్లలా నిలబడ్డట్టు ఉంటుంది. ఇది నా ఊహ. కుట్టిన మనిషి దాన్ని నడుమ పెట్టడానికి మాత్రం కారణం ఉండే ఉంటుంది.

బడి, బస్సు, సినిమా వచ్చాక చెత్త కూడా సరుకైంది. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చారు. పిల్లలు హాస్టళ్లకు పోయారు, ఇంటికి కాగితం వచ్చింది. నింపేసిన నోటుబుక్కులు, పాత పేపర్లు నానబెట్టి, మెంతిపిండి కలిపి రోట్లో దంచి, చీకిపోయిన గంపలకు మెత్తి ఎండబెడితే కొత్త గంప. గింజ కారదు. మా ఇంట్లో అట్లాంటి గంప మీద నా ఏడో తరగతి లెక్కలు కొన్ని ఎండిపోయి కనబడేవి. పేపర్లు గోడకు అంటించడం చలిగాలి రాకుండా. అంటించేటప్పుడు బొమ్మలున్న పేజీ పైకి. విత్తనాల కంపెనీ పోస్టర్లో ఎర్రగా విరగకాసిన మిరపచేను, మన చేను ఎండుతున్నా మన గోడ మీద ఎప్పుడూ పచ్చగానే ఉండేది. పగిలిన గాజుల ముక్కలను దీపపు మంటకు పెట్టి వంచి ఒకదాంట్లో ఒకటి కలిపితే దర్వాజకు దండ. యూరియా సంచి పోగులు లాగి పేనితే ఉట్టి, పగ్గం. పెబ్బేరు సంతకు పోయి వచ్చినవాళ్లు కొనే సోకు ఏదైనా ఉంటే అది ఒక క్యాలెండరో, చిన్న అద్దమో.

నల్లమలలో చెంచుల ఇల్లు వేరు. దాని గురించి చెంచులే రాస్తే బాగుంటుంది. పక్కన బతికినవాడిగా నాకు తెలిసింది కొంచెం చెబుతాను. 1940లో ఆస్ట్రియా దేశపు పండితుడు హైమెన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల పెంటల్లో ఉండి చూసి, 1943లో పుస్తకం అచ్చు వేయించాడు. అతను తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లో ఒక యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. గుండ్రటి గుడిసె, వెదురు తడకల గోడ, బోదగడ్డి కప్పు పైకి మొనదేలి ఉంటుంది. లోపల విల్లు, బాణాలు, గొడ్డలి, గడ్డలు తవ్వే కర్ర, బుట్టలు, కుండలు. గోడ మీద బొమ్మలు లేవు, రంగులు లేవు. దీన్ని చూసి చెంచులకు సోకు తెలియదన్నవాళ్లున్నారు. ఇప్పపువ్వు కాలానికి ఒక చోటికి, నీళ్లు ఎండితే ఇంకో చోటికి కదిలే జనం గోడకు రంగు వేసి ఏం చేసుకుంటారు? బోదగడ్డి కట్టను ఏ వాలుకు పరిచారో, తడకలో వెదురు బద్దను ఎంత సమంగా చీల్చారో చూడాలి. మన బిడారు రోజుల్లో సోకు ఎద్దు మీదికి పోయినట్టు, వాళ్ల సోకు అల్లికలోకి పోయింది. తరువాతి రోజుల్లో సర్కారు వాళ్లకు చదరపు కాలనీ ఇండ్లు కట్టింది. ఆ ఇంట్లో కట్టెలు, మేకలు పెట్టి పక్కనే గడ్డి గుడిసె వేసుకున్న కుటుంబాలను మన్ననూరు దిక్కు పోయినవాళ్లంతా చూసే ఉంటారు. ఎండాకాలం రేకు కింద ఒక మధ్యాహ్నం గడిపితే కారణం ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 నవంబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం జన్‌మన్ పథకంలోనూ చెంచులకు ఇండ్లున్నాయి. గుండ్రటి ఇల్లు కావాలా చదరపు ఇల్లు కావాలా అని ఈసారైనా అడిగితే బాగుండు.

పాలమూరు కూలీ గురించి చెప్పకుండా పాలమూరు ఇంటి గురించి చెప్పలేం. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాల్వ తవ్వినా, ముంబైలో, పూణేలో మేడ లేచినా మనవాళ్ల చెయ్యి ఉంది. ఊళ్లో అలికిన ఇంటికి తాళం, అక్కడ నీలం తాటిపత్రి గుడిసె. ఆరు నెలలు, ఎనిమిది నెలలు. ఇంజనీరు ఎప్పుడు లేపేస్తాడో తెలియని ఆ గుడిసె ముందు కూడా ఆడవాళ్లు నాలుగు అడుగుల నేల అలికి ముగ్గు పెడతారు. పేడ దొరకదు, మట్టినీళ్లే. సున్నం ఉండదు, సైటు మీద ఒలికిన తెల్ల సిమెంటు పొడితోనే ముగ్గు. సిమెంటు సంచులు చీల్చి లోపల గోడకు కడతారు. రాసిన అక్షరాలు లోపలికి, తెల్ల దిక్కు బయటికి. పక్క గుడిసె కంటే మాది కొంచెం బాగుండాలి అనే పోటీ అక్కడ కూడా ఉంటుంది. నేను దీన్ని దీనంగా చెప్పడం లేదు. ఆ పోటీ ఉన్నన్నాళ్లు మనిషి తనను తాను కూలీగా మాత్రమే అనుకోవడం లేదని లెక్క.

ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. పట్నంలో ఇప్పుడు ‘తక్కువ ఖర్చుతో ఇంటి అలంకరణ’ అని మట్టిగోడను, ముగ్గును, అద్దాల కుట్టును మెచ్చుకుంటున్నారు. కచ్ ప్రాంతంలో రబారీ, ముత్వా ఆడవాళ్లు మట్టి గోడలో అద్దాలు పొదిగే లిప్పన్ పని ఇవాళ హైదరాబాదు ఫ్లాట్లలో చెక్క పళ్లెం మీద వేలాడుతోంది. బాగానే ఉంది. కాని తక్కువ ఖర్చు అంటే ఎవరి ఖర్చు? ఇల్లంతా అలకడానికి వారం పడుతుంది. మట్టి తవ్వుకొని రావాలి, నీళ్లు మోయాలి, మోకాళ్ల మీద కూర్చొని నేలంతా పాకాలి. వానాకాలం పోగానే మళ్లీ మొదలు. డబ్బు పెట్టని చోట ఆడమనిషి నడుము పెట్టింది. మా యాడి సిమెంటు ఇల్లు కావాలనే అన్నది. ఆమె మోకాళ్లు చూసినవాళ్లు ఎవరూ మట్టిగోడ గొప్పదని ఆమెకు పాఠం చెప్పలేరు.

ఇందిరమ్మ ఇండ్లు 2006లో మొదలైనప్పుడు తండాలు మారడం మొదలైంది. మళ్లీ 2024లో అదే పేరుతో 5 లక్షల రూపాయల పథకం వచ్చింది, కనీసం 400 చదరపు అడుగులు ఉండాలని నిబంధన. పైకప్పు కారదు, పాము దూరదు, రాత్రి వానకు లేచి కూర్చోనక్కర్లేదు. ఇవి చిన్న విషయాలు కావు. పోయినవి కూడా చెప్పాలి కదా. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలో గూడు రాదు. గూడు లేక దీపం స్విచ్‌బోర్డు మీదికి ఎక్కింది. సిమెంటుకు పేడ అలుకు పట్టదు, పెచ్చులై రాలుతుంది. బిల్లు రావడానికి ఫొటోలో గోడ ఎట్లా ఉండాలో అధికారి చెబుతాడు. జనాభా లెక్కల ఫారంలో గోడ దేనితో కట్టారు, కప్పు దేనితో వేశారు, నేల దేనిది అని గడులున్నాయి. మట్టి అని రాయగానే ఆ ఇల్లు కచ్చా లెక్కలోకి జారుతుంది. ఆ మట్టి మీద నలభై ఏండ్లుగా తిరిగిన చెయ్యికి గడి లేదు. బడిలో మన పిల్లలు ‘మాది కచ్చా ఇల్లు’ అని తల దించుకొని చెప్పడం ఆ ఫారం నుంచే నేర్చుకున్నారు.

ఆ సిగ్గును ఎవరు సొమ్ము చేసుకున్నారో కూడా రాయాలి. స్టీలు సామాను తట్ట నెత్తిన పెట్టుకొని తండాలకు వచ్చేవాళ్లు. పాత ఫేటియాకు ఒక స్టీలు బకెట్, కాంచళికి రెండు గిన్నెలు. ‘ఇవి ఇంకెవరు కట్టుకుంటారమ్మా’ అని అడిగి మరీ తీసుకుపోయారు. వాటిని ముక్కలు కోసి దిండు గలీబులు, సంచులు కుట్టి పెద్ద ఊర్లలో, విదేశాల్లో అమ్మారు. ఒక్క సంచి ధరకు ఎన్ని స్టీలు బకెట్లు వస్తాయో లెక్క వేయడం మా దాదీకి రాదు, మాకు వచ్చింది గాని అప్పటికి పెట్టె ఖాళీ. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, అక్కడి ఆడవాళ్లు కూలి లెక్కగట్టుకొని పని చేస్తున్నారు. జార్ఖండ్‌లో హజారీబాగ్ గోడల మీద ఆదివాసీ ఆడవాళ్లు వేసే సోహ్రాయి బొమ్మలకు 2020లో వచ్చింది. మనకు పని రాకపోవడం వల్ల కాదు, మన పనిని మనమే పాతబట్ట అనుకోవడం వల్ల వెనకబడ్డాం.

ఇట్లాంటి చరిత్ర మనదొక్కటే కాదు. దక్షిణాఫ్రికాలో న్డెబెలే అనే తెగ 1883లో బోయర్లతో యుద్ధంలో ఓడింది. భూమి పోయింది, మనుషులను ఐదేండ్ల వెట్టికి తెల్ల రైతుల పొలాలకు పంచారు. చెల్లాచెదురైన ఆ జనంలో ఆడవాళ్లు తమ గోడల మీద గీతలు గీశారు, మొదట పేడ, మట్టిరంగులు, తర్వాత అంగడి రంగులు. ఏ ఇల్లు తమవాళ్లదో ఆ గోడ చెప్పేది. తల్లి, అమ్మమ్మల దగ్గర ఆ పని నేర్చుకున్న ఎస్తర్ మహ్లాంగు చేత 1991లో బీఎండబ్ల్యూ కంపెనీ ఒక కారు మీద ఆ బొమ్మలే వేయించుకుంది. భూమి లేని జనానికి గోడే పట్టా అయింది అక్కడ.

మన దగ్గర 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. పంచాయతీ ఆఫీసు గోడలకు రంగులు వేయడానికి నిధులొస్తాయి. ఊరూరా ఒకే రంగు, ఒకే బొమ్మలు, పట్నం పెయింటరు. ఆ గోడలో ఒక్క పక్క, సేవాభాయా గుడి దిక్కు ఉన్న పక్క, తండాలో ముసలవ్వలకు ఇచ్చి, పెయింటరుకిచ్చే కూలే వాళ్లకూ ఇవ్వమని ఏ గ్రామసభలోనైనా అడగొచ్చు. కూలి ఇవ్వకుండా మాత్రం అడగొద్దు. ఇంకోటి, కూలబోయే మట్టి ఇంటికి ఫొటో తియ్యాలి. ఇంటి ముందు మనిషిని నిలబెట్టి కాదు. గూడు దగ్గరికి, జాజు పట్టీ దగ్గరికి, అలుకు గీతలు కనబడేటట్టు పక్క వెలుతురులో తీసి, అలికిన మనిషి పేరు వెనక రాసి పెట్టాలి. రాజుల గచ్చు పనికి మేస్త్రీ పేరు ఎవరూ రాయలేదు, మనం రాయొచ్చు.

ఆడవాళ్లు ఏం చేస్తున్నారో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మా తండాలో కొత్త సిమెంటు ఇండ్లకు ముందర మెట్లున్నాయి, మెట్ల కింద వాకిలి మట్టిదే. ఆ వాకిలిని ఇప్పటికీ అలుకుతారు. మెట్ల అంచులకు మాత్రం జాజు బదులు డబ్బాలో దొరికే ఎర్ర ఆక్సైడు పూసి, దాని మీద సున్నం పెట్టే వేలితోనే తెల్ల పెయింటు చుక్కలు పెడుతున్నారు. మొన్న దీపావళికి చూశాను, ఒకామె ఆ చుక్కల వరుసను మెట్ల దగ్గర ఆపకుండా స్టీలు గేటు కాళ్ల దాకా లాక్కొచ్చింది.